పిట్టగోడ కట్టించామా?

మూడేళ్ళ కిందటి మాట. జూన్ నెల, బడులు తెరిచే ముందు వచ్చిన ఆదివారం. ఏటా చేసినట్లే ఆ రోజు కూడా ఆరాధన చివర్లో పిల్లలందరినీ ముందుకు పిలిచి వరుసగా నిలబెట్టాం. యూనిఫాంలు ఇంకా కుట్టి రాలేదు గానీ, కొత్త బ్యాగులు మాత్రం కొందరి భుజాలకు అప్పుడే వేలాడుతున్నాయి. అయ్యగారు ఒక్కొక్కరి తలమీద చెయ్యి ఉంచి ప్రార్థించారు. మంచి జ్ఞాపకశక్తి ఇవ్వమన్నాం, మంచి ర్యాంకులు ఇవ్వమన్నాం, చెడు స్నేహాల నుంచి తప్పించమన్నాం. తలా రెండు నోటు పుస్తకాలు, ఒక పెన్సిలు చేతిలో పెట్టి ఇళ్ళకు పంపించాం.

బయట చెప్పులు వేసుకుంటుండగా, రెండో తరగతి చదివే పాప ఒకతె మా సంఘ పెద్దల్లో ఒకాయన చొక్కా పట్టుకు లాగింది. "తాతయ్యా, మేము కింద పడకుండా ఉండాలని ప్రార్థన చెయ్యలేదేంటి?" అని అడిగింది. ఎక్కడ నుంచి పడతావమ్మా అంటే వేలెత్తి పైకి చూపించింది.

అది మా చర్చి మేడ. పైన రేకుల షెడ్డు వేసి అప్పటికి నాలుగేళ్ళుగా సండే స్కూల్ నడుపుతున్నాం. మెట్లకు ఒకవైపు గోడ ఉంది, రెండోవైపు ఏమీ లేదు. మేడ చుట్టూ పిట్టగోడ లేదు. పై అంతస్తు ఎప్పుడో వేద్దామన్న ఆశతో వదిలిన ఇనుప చువ్వలు మాత్రం తుప్పు పట్టి నిలబడి ఉన్నాయి. ఆ పాప ప్రతి ఆదివారం గోడకు ఒదిగి, అరచెయ్యి గోడకు రాసుకుంటూ మెట్లెక్కుతోందట. ఆ భయం సంగతి వాళ్ళమ్మకు కూడా తెలియదు. నాలుగేళ్ళుగా అదే మెట్లెక్కి దిగుతున్న మాకెవ్వరికీ తోచని మాట, ఏడేళ్ళ పిల్లకు ప్రతి వారమూ తోచింది.

ఒక చిన్న ఆజ్ఞ

ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయం 8వ వచనాన్ని మనలో చాలామంది చదివి ముందుకు సాగిపోయి ఉంటారు. ప్రసంగాల్లో అది వినిపించేది తక్కువ. కొత్త ఇల్లు కట్టుకునేవాడు పైకప్పు చుట్టూ పిట్టగోడ కూడా కట్టాలనీ, అది లేనందువల్ల ఎవరైనా పడి చనిపోతే ఆ దోషం ఆ ఇంటి మీదికే వస్తుందనీ ఆ వచన భావం.

ఆ దేశంలో ఇళ్ళ పైకప్పులు బల్లపరుపుగా ఉండేవి. జనం రోజూ మేడ మీద మసిలేవారు. రాహాబు వేగులవారిని దాచింది మేడ మీద ఆరబెట్టిన జనుపకట్టె కిందనే. యొప్పేలో పేతురు ప్రార్థనకు ఎక్కింది మేడ మీదికే. మనుషులు తిరిగే చోటు కాబట్టి దేవుడు గోడ కట్టమన్నాడు. ఇంకా ఎవరూ పడలేదు కదా అని ఆగమనలేదు. పడ్డాక ఓదార్పు కూటం పెట్టమనీ చెప్పలేదు. ముందే కట్టమన్నాడు. కట్టనివాడు ఆ పతనాన్ని విధి మీదికి నెట్టే వీలు లేకుండా, ఆ రక్తానికి నువ్వే బాధ్యుడివని తేల్చి చెప్పాడు. ఇటుకా సున్నమూ కూడా పొరుగువారిని ప్రేమించడంలో భాగమేనని ధర్మశాస్త్రం మనకిక్కడ నేర్పుతోంది.

ఆకుల కప్పు, గుడారం బట్ట

2004 జూలై 16. తమిళనాడులో తంజావూరు జిల్లా కుంభకోణం పట్టణం. ఒకే భవనంలో ఒకటికి మించి బడులు నడుస్తున్నాయి. మధ్యాహ్న భోజనం వండే పాకలో మంట లేచింది. అది పై అంతస్తులో పిల్లలు కూర్చున్న తరగతుల ఆకుల కప్పుకు అంటుకుంది. దిగడానికి ఉన్న మెట్లు ఇరుకు. 94 మంది చిన్నారులు చనిపోయారు. ఆ కేసులో కింది కోర్టు తీర్పు రావడానికే పదేళ్ళు పట్టింది.

ఆ మంట ఎక్కడి నుంచో ఊడిపడలేదు. వంట పొయ్యి అందరికీ కనిపిస్తూనే ఉంది. ఆకుల కప్పు కనిపిస్తూనే ఉంది. మెట్ల ఇరుకు అందరికీ తెలుసు. చూసీ చూడనట్లు వదిలేసిన రోజులన్నీ కలిసి ఒక ఉదయాన బయటపడ్డాయి. ఆ దుర్ఘటన తర్వాత వేసిన వ్యాజ్యంలో, 2009 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన మాట చెప్పింది. పిల్లలకు చదువుకునే హక్కు ఉందంటే, అపాయం లేని బడిలో చదువుకునే హక్కు కూడా అందులోనే ఉన్నట్లని తేల్చింది. ప్రభుత్వ బడి అయినా, ప్రైవేటు బడి అయినా అగ్ని ప్రమాదాల నుంచి కాపాడే ఏర్పాట్లు ఉండి తీరాలంది. మిషన్ బడులకూ, మనం నడిపే బోర్డింగులకూ ఇందులో మినహాయింపు లేదు.

అంతకు తొమ్మిదేళ్ళ ముందు, 1995 డిసెంబర్ 23న హర్యానాలోని మండీ డబ్వాలీలో ఒక బడి వార్షికోత్సవం జరుగుతోంది. పిల్లల ఆటపాటలు చూడటానికి తల్లిదండ్రులు కూడా వచ్చారు. పైన సింథటిక్ బట్టతో వేసిన షామియానా. మంట పుట్టి ఆ బట్టకు అంటుకుంది. అంతమంది ఒక్కసారిగా బయటపడటానికి చాలినన్ని దారులు లేవు. 400 మందికి పైగా చనిపోయారు. వారిలో సగానికి పైగా పిల్లలే.

ఆ తేదీని మరొక్కసారి చూడండి. క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు. సరిగ్గా అదే వారంలో మన చర్చిల ముందు షామియానాలు లేస్తాయి. సీరియల్ లైట్ల తీగలను టేపు చుట్టి అతికిస్తాం. జనరేటరు పక్కనే డీజిల్ డబ్బా పెడతాం. దేవదూతల వేషం వేసిన పిల్లలకు నెట్ బట్ట గౌన్లు, జ్ఞానులకు దూది గడ్డాలు పెట్టి చేతికి కొవ్వొత్తులు ఇస్తాం. జనం పట్టాలని పక్క గేటుకు అడ్డంగా కుర్చీలు వేస్తాం. ఇన్నేళ్ళూ ఏమీ జరగలేదు కాబట్టి ఇదంతా మనకు భక్తిగానే కనిపిస్తుంది. నీళ్ళ బకెట్లు, ఇసుక, ఖాళీగా ఉంచిన రెండు దారులు, కరెంటు ఆపే మెయిన్ దగ్గర నిలబడే ఒక మనిషి. వీటికి ఖర్చు పెద్దగా కాదు. కార్యక్రమ పట్టికలో ప్రారంభ ప్రార్థనకు ముందే వీటిని రాసుకోవాలి.

పిల్లల నడక చొప్పున

2014 జూలై 24 ఉదయం మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర, కాపలా లేని రైల్వే గేటు దాటుతున్న బడి బస్సును రైలు ఢీకొంది. పదిమందికి పైగా పిల్లలు ప్రాణాలు కోల్పోయారు. ఆ ఉదయం వాళ్ళకు అన్నం డబ్బాలు కట్టిచ్చి పంపిన తల్లులు మన పక్క ఊళ్ళవాళ్ళే. తర్వాత 2019 జనవరి నాటికి దేశంలో బ్రాడ్‌గేజ్ మార్గాల్లో కాపలా లేని గేట్లన్నిటినీ తొలగించారు. కొన్నింటి దగ్గర మనిషిని పెట్టారు, కొన్నింటి కింద దారులు తవ్వారు, కొన్నింటిని మూసేశారు. అంటే అది మనుషుల చేత కాని పని కాదు. చాలామంది పోయాక చేసిన పని, అంతే.

యాకోబు తన అన్న ఏశావును కలిసినప్పటి మాట ఆదికాండం 33వ అధ్యాయంలో ఉంది. కలిసి వెళ్దాం పదమని ఏశావు తొందరపెడితే, పిల్లలు పసివాళ్ళనీ, వాళ్ళ నడక ఎంతో తన నడకా అంతేననీ, నెమ్మదిగా వస్తాననీ యాకోబు చెప్పాడు. జీవితమంతా పరుగులు తీసిన యాకోబు ఆ రోజు పిల్లల కోసం నెమ్మదించాడు. ఉదయం ఎనిమిది గంటలకు మన వీధుల్లో పోయే ఆటోలను ఒక్కసారి చూడండి. డ్రైవరు సీటుకు రెండువైపులా పిల్లలు, వెనక బ్యాగులు బయటికి వేలాడుతూ, కాళ్ళు గాలిలో. నెలకు వంద రూపాయలు తగ్గుతుందని మనమే కుదుర్చుకున్నాం. వేసవిలో వీబీఎస్‌కు పిల్లల్ని తెచ్చేటప్పుడు మన సంఘాలు చేసేదీ ఇదే. ఒక ట్రిప్పులో అయిపోవాలని ఇరవైమందిని కుక్కుతాం. రెండు ట్రిప్పులు వేయడం పిల్లల నడక చొప్పున నడవడమే.

కంటికి కనిపించని అంచులు

గోడ లేకపోవడం ఒక అపాయం. గోడ లేదని పసి మనసులో ఉండే భయం మరొక బాధ. ఆ పాప నాలుగు నెలలుగా సండే స్కూల్ రోజు పొద్దున కడుపునొప్పి అనేదట. వాళ్ళమ్మ వాము నీళ్ళు పట్టి పంపేది. మా ఇళ్ళలో విచారిస్తే ఇలాంటి కడుపునొప్పులు ఇంకా బయటపడ్డాయి. ఒకడికి సోమవారం తలనొప్పి. మానేసిన పక్కతడపడం ఒకడిలో మళ్ళీ మొదలైంది. ఒక పిల్ల బడి బాత్రూముకు వెళ్ళాల్సి వస్తుందని పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్ళే తాగదు. వాటి వెనక ఒక్కో కారణం ఉంది. తలుపు గడియ లేని బాత్రూము, బెత్తం తిప్పే మాస్టారు, బస్సులో వెనక సీట్లో ఏడిపించే పెద్ద పిల్లలు.

పిల్లలు భయాన్ని భయం అని చెప్పరు. చెప్పినా మనం వినిపించుకోం. పైగా మనమే కొంత భయం పోస్తాం. అన్నం తినకపోతే బూచాడికి ఇస్తామంటాం, అల్లరి చేస్తే పోలీసుకు పట్టిస్తామంటాం. విశ్వాసుల ఇళ్ళలో ఇంకో మాట కూడా ఉంది. దేవుడు చూస్తున్నాడు, కళ్ళు పోగొడతాడు అంటాం. ఆపద వచ్చినప్పుడు పిల్లవాడు ఎవరి దగ్గరికి పరుగెత్తాలో ఆ ముగ్గురి మీదా, ఇంట్లోవాళ్ళ మీదా, పోలీసు మీదా, చివరికి దేవుడి మీదా ముందే భయం పెంచేస్తున్నాం. ఇక వాడు ఎవరికి చెప్పుకుంటాడు?

హాగరు అరణ్యంలో కొడుకును పొద కింద పడుకోబెట్టి, వాడి చావు చూడలేనని దూరంగా కూర్చుని ఏడ్చింది. ఏడుపు తల్లిదని రాసి ఉన్నా, దేవుడు విన్నది ఆ చిన్నవాడి మొరనని ఆదికాండం 21వ అధ్యాయం చెబుతుంది. వాడు ఏమన్నాడో ఎక్కడా రాసి లేదు. రాయదగ్గ మాటలేవీ అనలేకపోయాడేమో కూడా. అయినా దేవుడు విన్నాడు. మాటలుగా రాని పిల్లల మొరను వినడం మనం నేర్చుకోవలసిన భక్తి.

వినడం ఎలా? "ఏమైంది, చెప్పు, చెప్పు" అని నిలదీస్తే వాళ్ళు మూసుకుపోతారు. పక్కన కూర్చుని బీరకాయ తొక్కు తీస్తున్నప్పుడు, జడ వేస్తున్నప్పుడు, బండి మీద వెళ్తున్నప్పుడు మాటలు వాటంతట అవే వస్తాయి. బొమ్మ గీయమంటే భయం కాగితం మీదికి వస్తుంది. చెప్పాక "ఇంతేనా, దీనికేనా" అని నవ్వకూడదు. "చెప్పి మంచిపని చేశావు, నీ తప్పు లేదు" అన్న మాట ముందు చెప్పాలి. చెయ్యగలిగింది చేసి, చేశామని వాళ్ళకు తెలియజెయ్యాలి.

టీవీలో ఎక్కడో బడి కూలిందనో, మంటలంటుకున్నాయనో చూపిస్తే అదే దృశ్యం పదిసార్లు వస్తుంది. పసివాడికి అది పది ప్రమాదాలు. టీవీ ఆపి, జరిగింది చిన్న మాటల్లో నిజంగా చెప్పాలి. నీకెప్పుడూ ఏమీ కాదని మాటివ్వకూడదు, అది మన చేతిలో లేని మాట. అలాంటిది జరిగితే ఏ దారిలో బయటికి రావాలో, ఎవరి చెయ్యి పట్టుకోవాలో, అమ్మ ఎక్కడికి వస్తుందో చెప్పాలి. ఏం చెయ్యాలో తెలిసిన పిల్లవాడికి సగం భయం అక్కడే పోతుంది.

యాయీరు కూతురు లేచినప్పుడు ఇంట్లో అందరూ ఆశ్చర్యంలో మునిగిపోయారు. ఆ పిల్లకు తినడానికి ఏదైనా పెట్టమని చెప్పింది ప్రభువు ఒక్కడే. భయపడి వచ్చిన పిల్లలకు ముందు కావలసిందీ అదే. వేళకు అన్నం, వేళకు నిద్ర, అలవాటైన పక్క, రాత్రి వెలిగే చిన్న దీపం, మర్నాడు మళ్ళీ ఆట. వారాలు గడిచినా భయం తగ్గకపోతే పిల్లల డాక్టరు దగ్గరికో, మానసిక నిపుణుల దగ్గరికో తీసుకెళ్ళాలి. అలా వెళ్ళడం విశ్వాసం తక్కువైనట్లు కాదు.

2006 అక్టోబర్ 2న అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఆమిష్ అనే క్రైస్తవ తెగవారి చిన్న బడిలోకి ఒకడు తుపాకీతో చొరబడి అయిదుగురు బాలికలను చంపాడు. ఆ సంఘం హంతకుడి కుటుంబాన్ని క్షమించి పరామర్శించిన సంగతి లోకమంతా చెప్పుకుంది. వాళ్ళు చేసిన మరో పని గురించి అంతగా చెప్పుకోలేదు. పది రోజుల్లో ఆ బడి భవనాన్ని నేలమట్టం చేశారు. ఆరు నెలలు తిరిగేసరికి, 2007 ఏప్రిల్ 2న, మరో చోట కొత్త బడి తెరిచారు. దానికి పెట్టిన పేరుకు అర్థం కొత్త నిరీక్షణ. క్షమించాం కదా, ఇక ఆ గదిలోనే కూర్చోండని పిల్లలకు చెప్పలేదు. పెద్దవాళ్ళ క్షమాపణ వేరు, పిల్లల భయం వేరు అని వాళ్ళకు తెలుసు.

పరువు పేరుతో మూసిన నోళ్ళు

ఇక చెప్పక తప్పని మాట ఒకటుంది. పిల్లలకు అపాయం బయటి నుంచే రాదు. బడిలో, బోర్డింగులో, చివరికి మన సంఘంలో నమ్మిన మనిషి వల్ల కూడా రావచ్చు. అలాంటిది బయటపడితే మన నోట వచ్చే మొదటి మాట "చర్చి పరువు పోతుంది" అని. రెండోది "ప్రార్థన చేసి సర్దుకుందాం" అని. ఆ రెండు మాటల మధ్య నలిగేది పిల్ల.

2012 నవంబర్ 14 నుంచి పోక్సో చట్టం అమల్లో ఉంది. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలియజెయ్యాలి. పాస్టరుకైనా, సండే స్కూల్ టీచరుకైనా, బోర్డింగు వార్డెనుకైనా ఇది వర్తిస్తుంది. చెప్పకపోవడమే నేరం. తన కింద పనిచేసేవాడి నేరాన్ని దాచిన సంస్థ పెద్దకు ఏడాది వరకు జైలు పడవచ్చు. పిల్లల పేరు, ఫొటో బయటికి రాకూడదు. వాళ్ళ మాటను స్టేషనులో కాక ఇంట్లోనో, వాళ్ళు కోరిన చోటనో, యూనిఫాం లేకుండా వచ్చిన పోలీసు రాసుకోవాలి. 2009 విద్యాహక్కు చట్టం బడిలో కొట్టడాన్నీ, మనసు గాయపడేలా వేధించడాన్నీ నిషేధించింది. 1996లో ముంబైలో మొదలైన 1098 నంబరు ఈనాటికీ పిల్లల కోసం పగలూ రాత్రీ పనిచేస్తోంది. అత్యవసరమైతే 112 ఉంది. ఈ రెండు నంబర్లూ మా సండే స్కూల్ గోడ మీద ఇప్పుడు బైబిలు వాక్యం పక్కనే రాసి ఉన్నాయి.

చిన్నవారిని ఆటంకపరిచే వాడి మెడకు తిరుగటి రాయి కట్టి సముద్రంలో పడేయడం మేలని ప్రభువు చెప్పినప్పుడు, అది ఆ మనిషికి సంఘంలో ఉన్న హోదా చూసి మారుతుందని చెప్పలేదు.

మా మేడ కథ

ఆ పాప అడిగిన వారమే కమిటీ కూర్చుంది. అంతకు రెండు నెలల ముందే కొత్త సౌండ్ సిస్టమ్‌కు డబ్బు తీసి పెట్టాం. పిట్టగోడకు డబ్బు లేదు. "ఇన్నాళ్ళూ ఒక్క పిల్లైనా పడిందా? దేవుడు కాపాడుతూనే ఉన్నాడు గదా. దూతలకు ఆజ్ఞాపిస్తాడు, చేతుల్లో ఎత్తి పట్టుకుంటారు" అని మాలో ఒకరన్నారు. చెడ్డ మనసుతో అన్న మాట కాదు. మాలో కొందరం తల కూడా ఊపాం.

మూలన కూర్చున్న మామ్మగారొకరు అప్పటిదాకా మాట్లాడలేదు. "అయ్యా, మేడ అంచున నిలబెట్టి, దూకు, దూతలు పట్టుకుంటారులే అన్నది ఎవరో ఒకసారి చూసుకోండి" అన్నారు. అంతే. మత్తయి సువార్త 4వ అధ్యాయం మాకందరికీ తెలుసు. దేవాలయ శిఖరం మీద ఆ వాక్యాన్ని ఎత్తి చూపింది సాతాను. ప్రభువు దూకలేదు. దేవుణ్ణి శోధించకూడదని చెప్పి దిగివచ్చాడు. మేము నాలుగేళ్ళుగా ముప్ఫైమంది పిల్లల్ని ఆ అంచున నిలబెట్టి, దాన్నే విశ్వాసం అనుకుంటున్నాం.

సౌండ్ సిస్టమ్ వాయిదా పడింది. పిట్టగోడ లేచేదాకా సండే స్కూల్ కింద వేపచెట్టు నీడకు మారింది. గోడ పని ఒక తాపీమేస్త్రి విశ్వాసి కూలి తీసుకోకుండా చేశాడు. పిల్లలు ఎక్కి కూర్చోకుండా నడుము దాటిన ఎత్తున కట్టాడు. మెట్లకు చువ్వల రెయిలింగ్ వేయించాం. బయటికి ఊడిన చువ్వలు కోయించాం. పిల్లలతో ఏ పెద్దవారూ తలుపు వేసుకుని ఒంటరిగా ఉండకూడదని, ప్రతి తరగతిలో ఇద్దరు పెద్దలుండాలని నియమం పెట్టుకున్నాం. మొదట్లో కొందరు టీచర్లు "మమ్మల్ని అనుమానిస్తున్నారా?" అని నొచ్చుకున్నారు. పిట్టగోడ కట్టినవాడు ఇంటికొచ్చిన వాళ్ళను అనుమానించినట్లా అని అడిగితే ఊరుకున్నారు. మూడు నెలలకోసారి గంట కొట్టి, అందరం రెండు దారుల్లోంచి వేపచెట్టు కిందికి చేరే అలవాటు చేశాం. పిల్లలకు అది ఆట. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకే కాస్త కష్టం.

గోడ పూర్తయిన ఆదివారం ఆ పాపను పైకి తీసుకెళ్ళాం. వెంటనే నమ్మలేదు. గోడను రెండు చేతులతో నెట్టి చూసింది. ఇంకోసారి గట్టిగా నెట్టింది. కదల్లేదు. కిందికి దిగేటప్పుడు గోడకు ఒదగకుండా, మెట్ల మధ్యలోంచి దిగింది. కడుపునొప్పి మళ్ళీ రాలేదని తర్వాత వాళ్ళమ్మ చెప్పింది.

ప్రియ పాఠకులారా, కీడు నుంచి తప్పించమని ప్రభువును అడగడం మానవద్దు. అడిగి లేచిన మోకాళ్ళతో మాత్రం ఈ ఆదివారం ఒక పని చెయ్యండి. ఆరాధన అయిపోయాక మీ చర్చి మెట్లెక్కండి. మీ పిల్లలు చదివే బడికి వెళ్ళి వంటగది ఎక్కడుందో, రెండో దారి ఎటుందో, బాత్రూముకు గడియ ఉందో లేదో చూడండి. ఒంటరిగా వెళ్ళకండి. ఒక చిన్నపిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళండి. ఆ పిల్ల ఎక్కడ మీ చెయ్యి గట్టిగా పట్టుకుంటుందో, మీరు గోడ కట్టవలసింది అక్కడే.